పది కిలోల ఖడ్గం

మ్యూజియంలో మూడో గది కాపలా చూసే మనిషిని ఎదురుగా ఉన్నప్పుడు అందరూ పెద్దాయనా అంటారు. అటు తిరగగానే పదికిలోలు అంటారు. ఆయనకు రెండూ తెలుసు. పైకి చెప్పడు గానీ రెండోదే ఎక్కువ ఇష్టం.

బూట్లతో కలిపి ఐదడుగుల మనిషి. యూనిఫారం చొక్కాల్లో ఆయన సైజు ఎప్పుడూ రాదు. ఇంటావిడ టైలరు కాబట్టి భుజాలు విప్పి, చేతులు కత్తిరించి ఆయనకు అతికేలా చేస్తుంది. అలాంటి బక్కప్రాణికి అంత బరువైన పేరు ఎలా వచ్చిందంటే, దానికి కారణం ఆయన నోరే.

మూడో గది మధ్యలో గాజుపెట్టెలో ఒక ఖడ్గం ఉంది. ఏడెనిమిది వందల ఏళ్ళ కిందటిది. ఎప్పుడో వంతెన పునాదులు తవ్వుతుంటే నది బురదలో దొరికింది. ఇనుము నల్లబడింది, అంచులు ఎలుక కొరికినట్టున్నాయి. పిడికున్న చెక్క ఎప్పుడో కుళ్ళిపోయి, పైన అడ్డకమ్మీ, కింద గుండూ, ఆ రెండింటి మధ్య బోసి ఇనుమూ మిగిలాయి. పక్కన అట్టమీద పొడవు రాశారు, వెడల్పు రాశారు, దొరికిన చోటు రాశారు. బరువు మాత్రం రాయలేదు. ఎందుకు రాయలేదో రాసినవాడికే తెలియాలి. ఆ రాయకుండా వదిలేసిన జాగాలోనే మన పెద్దాయన ఇరవయ్యారేళ్ళుగా కాపురం పెట్టాడు.

ఓ పదిమంది పోగయ్యేదాకా కుర్చీలో కదలడు. పోగయ్యాక లేస్తాడు, చొక్కా సర్దుకుంటాడు, గొంతు సవరించుకుంటాడు.

"ఈ కత్తి ఎంత బరువుంటుందో చెప్పండి చూద్దాం."

ఒకడు రెండు కిలోలంటాడు. వెనకనుంచి ఇంకొకడు ఐదంటాడు. ఆయన అందరివైపూ జాలిగా చూస్తాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లోపల లెక్కపెట్టుకుంటాడు. అప్పుడు వదులుతాడు.

"పది కిలోలు."

ఇక చూడాలి వాళ్ళ మొహాలు. "దీన్ని పట్టినవాడు ఏడడుగుల మనిషండీ. ఒంటిచేత్తో, గుర్రంమీద కూర్చుని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిప్పేవాడు" అనేసరికి నోళ్ళు తెరుచుకుంటాయి. ఆ తెరుచుకున్న నోళ్ళే ఆయనకు జీతం, మ్యూజియం ఇచ్చేది బత్తెం అనుకోవచ్చు. ఇరవయ్యారేళ్ళలో ఆ పదికి ఒక్క గ్రాము కూడా కలపలేదని ఆయనకు గర్వం. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు కదా, ఇంకొకడైతే ఈపాటికి ఇరవై చేసి ఉండేవాడు.

ఆయనకైనా ఆ లెక్క ఆకాశంనుంచి ఊడిపడలేదు. అంతకుముందు పుస్తకాలు కుట్టే పని చేసేవాడు. ఆ ప్రెస్సు మూతపడ్డాక ఈ ఉద్యోగం దొరికింది. అప్పటిదాకా మూడో గది చూసిన పాత కాపలాదారు రిటైరవుతూ తాళాలగుత్తి, దుమ్ము దులిపే గుడ్డ, కుర్చీలో వేసుకునే దిండు అప్పగించాడు. వాటితోపాటు "బరువు పది కిలోలు, అడిగితే చెప్పు" అని ఆ ముక్క కూడా అప్పగించాడు. మనవాడు దిండును రెండుసార్లు మార్చాడు, ముక్కను మార్చలేదు.

ఇలా హాయిగా సాగుతుండగా కొత్తగా వచ్చిన క్యూరేటర్ మేడంకి ఒక ఆలోచన వచ్చింది. గాజుమీద రోజూ పడే వేలిముద్రలు, ముక్కుముద్రలు చూసి, జనానికి కత్తిని పట్టుకోవాలనుందని ఆవిడ కనిపెట్టింది. అసలుది ఎలాగూ ఇవ్వలేరు. అలాంటిదే నకలొకటి బల్లమీద పెడితే ఎవరైనా పట్టుకుని చూసుకోవచ్చు. నకళ్ళలో రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి గోడకి తగిలించుకునే అలంకారాలు అమ్మే కొట్టునుంచి పార్సిల్లో వచ్చేది. రెండోది అసలుదాన్ని కొలిచి, కమ్మరి చేత్తో చేసేది. దీని ఖరీదు పెడితే అవి ఏడొస్తాయి. చవకదీ ఖరీదుదీ రెండూ రెండు వారాలకు అరువు తెప్పించింది మేడం.

"రెండూ మీ గదిలోనే పెడదాం పెద్దాయనా. జనం పట్టుకుని చూడనివ్వండి. ఏమన్నారో ఈ నోటుబుక్కులో రాయండి. ఎడంపేజీ చవకదానికి, కుడిపేజీ ఖరీదుదానికి. పై శుక్రవారం కాదు, ఆ పై శుక్రవారం కూర్చుని తేలుద్దాం. మీరు రాసిందే మాకు ఆధారం" అంది.

ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది. చొక్కా తొలిసారి బిగుతుగా అనిపించింది.

పార్సిలు ముందొచ్చింది. అట్టపెట్టె విప్పగానే గదంతా తళతళలాడింది. ఆ కత్తిలో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు. అడ్డకమ్మీకి బంగారు రంగు, గుండుమీద సింహం తల, దాని నోట్లో ఎర్రటి ప్లాస్టిక్ రాయి. పిడికి నల్లటి రెగ్జిను. రెండు చేతులా ఎత్తి చూశాడు. బరువు! భుజాలు కిందికి లాగాయి. రెండున్నర కిలోలట. అబ్బా, కత్తంటే ఇదీ, అనుకున్నాడు. రెండున్నర అయితేనేం, పది అయితేనేం, పట్టుకున్నవాడి చేతిలో కాటా ఉండదు కదా.

మర్నాడు కమ్మరి వచ్చింది. అవును, ఆడమనిషే. ముప్ఫయ్యేళ్ళు దాటి ఉంటాయి. చేతులు రోకళ్ళలా ఉన్నాయి, చొక్కామీద నిప్పురవ్వలు పడి చిల్లులు. పాత దుప్పట్లో చుట్టుకొచ్చిన కత్తిని బల్లమీద పడుకోబెట్టింది.

"బాబాయ్, ఈ గది చూసుకునేది మీరేనా? ఇదిగో, మీ పెట్టెలోదానికి కవలపిల్ల."

ఆయన చూశాడు. ఇంట్లో పాత గరిటె రంగులో ఉంది. సింహం లేదు, రాయి లేదు. పిడిమీద దారం చుట్టి, పైన గోధుమరంగు తోలు కుట్టారు, అంతే. మధ్యలో పొడుగునా ఒక గాడి. పిడి దగ్గర మందంగా మొదలై మొన దగ్గరికొచ్చేసరికి గోరంత పలచన.

"ఇది ఎంత బరువమ్మాయ్?" అన్నాడు నిర్లక్ష్యంగా.

"అసలుదెంతో అంతే. కిలో నూట డెబ్బై గ్రాములు."

ఆయన నవ్వాడు. ఆ అమ్మాయి నవ్వలేదు. ఆయన నవ్వు మెల్లగా సర్దుకుంది.

"అసలుది పది కిలోలు కదమ్మా."

"నేనే తూచాను బాబాయ్, మూడు నెలల కిందట ఒక సోమవారం. మేడం పెట్టె తెరిపిస్తే ఇంచి ఇంచికీ మందం కొలిచి, కాటామీద పెట్టి చూశాం. మీరప్పుడు లేరు."

సోమవారం మ్యూజియానికి సెలవు, ఆయనకూ సెలవే. ఇరవయ్యారేళ్ళు కంటికి రెప్పలా కాచినదాన్ని తను లేనిరోజు చూసి తూచారన్నమాట. "మీ కాటా ఓసారి చూపించుకో అమ్మాయ్, ఏదో తేడా ఉంటుంది" అన్నాడు.

ఆ అమ్మాయి గొడవపడలేదు. తన కత్తిని అడ్డకమ్మీకి నాలుగు వేళ్ళ అవతల ఒక్క వేలిమీద నిలబెట్టింది. త్రాసుముల్లులా నిలిచింది. మెరిసే కత్తిని కూడా నిలబెట్టబోతే, వేలు మూరెడు దూరం జరిపితే గానీ నిలవలేదు.

"బరువు ఎంతుందనేదే కాదు బాబాయ్, ఎక్కడుందనేది చూడాలి. దీనికి బరువంతా మొన దగ్గర కూర్చుంది. మీరు దాన్ని తిప్పరు, అదే మిమ్మల్ని తిప్పుతుంది. ఒకసారి నాది పట్టుకు చూడండి."

"తర్వాత చూస్తాలే" అని ఆయన దుమ్ముగుడ్డ అందుకున్నాడు. ఆ తర్వాత అనేది రెండు వారాలదాకా రాలేదు. ఆమె కత్తిని ఆయన తుడిచాడు గానీ, గుడ్డ అడ్డం లేకుండా ఒక్కసారీ ముట్టుకోలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనేవాళ్ళలో మన పెద్దాయన ముందువరసలో ఉంటాడు. పంతం పట్టాడంటే చంటిపిల్లలు నయం.

మొదటి వారం ఆయన కోరుకున్నట్టే గడిచింది. జనం ముందు మెరిసేదానికే ఎగబడ్డారు. ఎత్తేటప్పుడు "అమ్మో" అనేవారు, ఫోటో దిగేవారు, దించేటప్పుడు మణికట్టు పట్టుకునేవారు. "నకలే ఇంతుంటే అసలుది పది కిలోలుండదా మరి!" అని ఆయన అక్కడ తాళం వేసేవాడు. ఎడంపేజీ నిండిపోయింది. "బాగుంది", "రాజసంగా ఉంది", "బరువు తెలుస్తోంది."

కుడిపేజీ దగ్గర మాత్రం పెద్దాయన కొంచెం చేతివాటం చూపించాడు. బూడిదరంగు కత్తిని పట్టుకోగానే కొందరి చెయ్యి అనుకున్నదానికంటే పైకి లేచిపోయేది. వాళ్ళలో సగంమంది "ఓస్, ఇంతేనా" అనేవారు. అది రాశాడు. మిగతా సగం దాన్ని గాలిలో అటూ ఇటూ తిప్పి, తిప్పుతూ ఉండిపోయి, తమలో తాము నవ్వుకునేవారు. నవ్వినదాన్ని ఏమని రాస్తాం అని అది రాయలేదు. మ్యూజియం వ్యాను డ్రైవరు, ఆరడుగులవాడు, వచ్చి పట్టుకోబోతే అడ్డకమ్మీకీ గుండుకీ మధ్య అతని చెయ్యి ఇరుక్కుపోయింది. "పిల్లలదా ఏంటి పెద్దాయనా?" అన్నాడు. అది రెండుసార్లు రాశాడు. ఒక తెల్లజుట్టు ఆవిడ ఆ కత్తిని తిప్పి తిప్పి, "అసలు చేతిలో ఉన్నట్టే లేదు" అని ఆశ్చర్యపోయింది. ఆవిడ మెచ్చుకుని అన్నమాటను మన మహానుభావుడు ఫిర్యాదుల్లో కలిపేశాడు.

అయినా లోపల ఏదో పీకుతూనే ఉంది. కిలో నూట డెబ్బై. ఉజ్జాయింపుగా కిలో అన్నా పోనీ, అబద్ధమనుకోవచ్చు. ఆ డెబ్బై దగ్గరే ఆయనకు నిద్ర పట్టేది కాదు. సోమవారం రాగానే పాత కాపలాదారు ఇంటికి వెళ్ళాడు. ఆయనకిప్పుడు ఎనభై దాటాయి. వరండాలో ఎండలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నాడు.

"అన్నా, ఆ కత్తి పది కిలోలని నీకెవరు చెప్పారు?"

"నాకు ముందున్నాయన."

"తూచి చెప్పాడా?"

"అదేం తెలీదు. నాకు పదిహేనని చెప్పాడు. నాకే మరీ ఎక్కువనిపించి, ఐదు తగ్గించి నీకు చెప్పాను" అన్నాడు ముసలాయన, నీకు మేలే చేశాను అన్నట్టు.

తిలాపాపం తలా పిడికెడు అంటే ఇదే. ఆయన ముందాయన ఇంకెంత తగ్గించి పదిహేను చేశాడో ఎవరికి తెలుసు. ఇచ్చిన టీ చల్లారిపోయేదాకా తాగకుండా కూర్చుని, మన పెద్దాయన ఇంటికొచ్చేశాడు. ఇరవయ్యారేళ్ళు, ఏడాదికి మూడొందల రోజులు, రోజుకు పదిసార్లు. ఎంతమందికి చెప్పాడో లెక్క వేయబోయి, సగంలో భయమేసి ఆపేశాడు. పోనీ, చవకదే తీసుకుంటే ఎవరికీ ఏమీ తెలియదు. బూడిదరంగుది బల్లమీదికొచ్చిందో, మొదటిరోజే, మొదటి మనిషే, "పది కిలోలన్నారు?" అని అడుగుతాడు. యాభై ఎనిమిదేళ్ళ వయసులో జనం ముందు అబద్ధాలకోరుగా నిలబడాలి. ఆ ఊహకే ఆయన చెవులు వేడెక్కేవి.

రెండో వారంలో మెరిసే కత్తి అడ్డకమ్మీ వదులైంది. ఎవరు ఊపినా గలగలమనేది. గుండు కింద మర ఉంది, రోజూ పొద్దున్నే పానా తెచ్చి బిగించేవాడు. అది కూడా ఏ పేజీలోనూ రాయలేదు.

గురువారం పొద్దున, ఇంకా తలుపులు తెరవలేదు. గదిలో ఆయనొక్కడే. మర బిగించాడు. బాగానే ఉందని తనకు తనే నమ్మకం చెప్పుకోవడానికి రెండు చేతులా పట్టుకుని ఒక్క ఊపు ఊపాడు. చేతులు హఠాత్తుగా తేలికైపోయాయి. చూస్తే పిడి చేతిలోనే ఉంది, కత్తి లేదు. అది నున్నటి నేలమీద జర్రున జారుకుంటూ పోయి, అవతలి గోడకి ఠంగుమని కొట్టుకుని ఆగింది. గోడ అడుగున సున్నం బెత్తెడు ఊడిపోయింది.

దగ్గరికి వెళ్ళి చూశాడు. పిడిలోకి దిగాల్సిన ఇనుము పెన్సిలంత లావుంది. అది కూడా కత్తిలో భాగం కాదు, చివర అతికించిన సువ్వ. ఆ అతుకు దగ్గరే విరిగింది. పైన పటారం, లోన లొటారం. సింహం తల మాత్రం చెక్కుచెదరకుండా ఆయన్నే చూస్తోంది.

అక్కడే నేలమీద కూర్చున్నాడు. కత్తి ఆగినచోటు ఆయనకు బాగా తెలుసు. బడిపిల్లలొస్తే, అడ్డం రాకుండా ఆ గోడవారనే వరసగా నిలబెడతాడు. పదకొండింటికి ఒక బడి రావాల్సి ఉంది.

మనిషన్నాక బుద్ధి ఒక్కదారినే పోదు. లేచి, మొదట చేసిన పనేమిటంటే, చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. స్టోరురూములో మంచి బంక ఉంది. గట్టిగా అతికించి మర బిగిస్తే రేపు మీటింగు దాటేదాకా ఆగుతుంది. ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడ్డాడు, సిగ్గుపడుతూనే రెండు ముక్కలూ అలమారలో పెట్టి తాళం వేశాడు. ఆరోజు బల్లమీద ఏ కత్తీ పెట్టలేదు. బడిపిల్లలకు పది కిలోల సంగతి కూడా చెప్పలేదు. ఎన్ని కిలోలుంటుందని వాళ్ళే అడిగితే, "తర్వాతి గదిలో నాణేలున్నాయి, పదండి" అన్నాడు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఇంటావిడ మిషనుమీద ఎవరిదో కోటుకు అస్తరు వేస్తోంది. ఆయన పక్కన స్టూలు లాక్కుని మొత్తం చెప్పాడు. బంక సంగతి కూడా. పెళ్ళాం దగ్గర దాచడం ఆయనకు ఏనాడూ చేతకాలేదు.

"కత్తి ఏ వైపు పోయింది?" అంది ఆవిడ.

"గోడవారకి. పిల్లల్ని నిలబెట్టే చోటుకి."

మిషను ఆగింది. ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని, "లేచి ఆ పిండి డబ్బా తీసుకురండి" అంది.

"ఇప్పుడు డబ్బా ఎందుకే?"

"తెమ్మన్నానా."

రెండు చేతులా కావలించుకుని తెచ్చాడు.

"నిన్ననే నింపాను. సరిగ్గా పది కిలోలు. ఒంటిచేత్తో ఎత్తి తల చుట్టూ తిప్పండి."

ఆయన డబ్బావైపు చూశాడు, ఆవిడవైపు చూశాడు, డబ్బా కింద పెట్టాడు.

"పొద్దున్నుంచి సాయంత్రం దాకా గుర్రంమీద దాన్ని తిప్పాడా ఎవడైనా? ముందు ఆ గుర్రం ఊరుకుంటుందా? మన పెళ్ళైన నెలకే నన్ను తీసుకెళ్ళి చూపించారు కదా, అప్పుడే అనుకున్నాను ఇది పది కిలోలుండదని."

"అప్పుడే!" అన్నాడు ఆయన. "మరి ఇన్నేళ్ళూ ఒక్క ముక్క చెప్పలేదేమే?"

"ఆ ముక్క చెప్పేటప్పుడు మీ మొహం మీకు కనపడదుగా. నాకు కనపడింది. ఏడడుగుల మనిషి అనేటప్పుడు మునివేళ్ళమీద లేచారు. అంత సంబరంలో ఉన్న మనిషి నోరు నొక్కడానికి నాకు మనసొప్పలేదు. వినేవాళ్ళు సరదాపడి పోతున్నారు, ఎవరికీ నష్టం లేదు కదా అని ఊరుకున్నా." సూదిలోకి దారం ఎక్కిస్తూ అంది: "ఇప్పుడు నష్టం ఉంది. ఇంక ఊరుకోను."

ఆయనకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నన్ను నమ్మింది అనుకున్న మనిషి నమ్మలేదని కాదు. నమ్మకపోయినా, పాతికేళ్ళు తన సంబరాన్ని కాపాడుతూ వచ్చిందని. పిండి డబ్బా తీసుకెళ్ళి దాని చోట పెట్టి వచ్చాడు.

శుక్రవారం మీటింగులో మేడం, ఆఫీసు మేనేజరు ఉన్నారు. కత్తి తీసుకుపోవాల్సి వస్తుందేమోనని కమ్మరి అమ్మాయి పాత దుప్పటితో సహా వచ్చింది. మేనేజరు నోటుబుక్కు తిరగేసి, "ఇంకేముంది, ఎడంపేజీ నిండుగా ఉంది. జనానికి నచ్చింది చవకదే. ఒకటి పాడైతే ఇంకొకటి మార్చుకోవచ్చు" అన్నాడు. కమ్మరి అమ్మాయి దుప్పటి మడత విప్పింది.

పెద్దాయన ముందుకొచ్చి, సంచీలోంచి ముందు పిడి తీసి బల్లమీద పెట్టాడు. తర్వాత కత్తి పెట్టాడు.

"నిన్న పొద్దున ఊడొచ్చిందండీ. జనం ఉన్నప్పుడు ఊడి ఉంటే ఎవరి కాలో తెగేది. వారంనుంచీ వదులుగా ఉంది, రోజూ బిగిస్తూ వచ్చాను. రాయలేదు." చొక్కా సర్దుకున్నాడు. నాలుగు లెక్కపెట్టకుండానే మళ్ళీ మొదలుపెట్టాడు. "ఆ కుడిపేజీ కూడా నమ్మకండి. ఈ అమ్మాయి కత్తి పట్టుకుని నవ్వినవాళ్ళు చాలామంది. నేను రాయలేదు. అది తేలిగ్గా ఉంటుందని, అది వస్తే నా పది కిలోలు పోతాయని రాయలేదు. నేను ఇన్నేళ్ళూ చెప్పింది తప్పండీ. ఆ లెక్క ఎవరూ తూచింది కాదు."

మేనేజరు నోటుబుక్కు మూసేశాడు. మేడం విరిగిన సువ్వను గోటితో గీకి చూసి, పక్కకి తోసేసింది. "ఈ విషయంలో ఇంక మాట్లాడుకోవడానికి ఏం లేదు, ఆ అమ్మాయిదే తీసుకుంటున్నాం" అంది. తర్వాత ఆయనవైపు తిరిగి, "తప్పు నాది కూడా పెద్దాయనా. తూచినరోజే అట్టమీద రాయించి, మీకు చెప్పాల్సింది" అంది.

కమ్మరి అమ్మాయి దుప్పటి మళ్ళీ మడిచింది. "ఇప్పటికైనా పట్టుకుంటారా బాబాయ్?" అంది.

ఆయన బూడిదరంగు కత్తిని పట్టుకున్నాడు. ఇరవయ్యారేళ్ళు గాజు ఇవతలనుంచి చూసినదాని కవలపిల్లను మొదటిసారి చేత్తో పట్టుకున్నాడు. నాలుగు వేళ్ళూ పిడిమీద పక్కపక్కనే కూర్చున్నాయి. చూపుడువేలు అడ్డకమ్మీని తాకింది, చిటికెనవేలు గుండుని తాకింది. ఎక్కడా ఇరుకు లేదు, ఎక్కడా వదులు లేదు. ఇంటావిడ కుట్టిన చొక్కా వేసుకున్నట్టుంది. మణికట్టు కదిపితే మొన ఆయన అనుకున్నట్టే అటు వెళ్ళి, ఇటు వచ్చింది. ఆయనకు తెలియకుండానే నవ్వొచ్చింది.

అమ్మాయి ఆయన చేతివైపే చూస్తోంది. "బాబాయ్, అలాగే ఉంచండి, కదపకండి" అని వంగి వేళ్ళ పక్కనుంచి చూసింది. "మూడు నెలలనుంచి ఈ పిడి నన్ను చంపుతోంది. అసలుదాని ఇనుము కొలిచి, వెంట్రుకవాసి తేడా రాకుండా చేశాను. అప్పట్లో పిడులు బిగుతుగానే చేసేవాళ్ళు, అది నాకూ తెలుసు. కానీ ఇది నా చేతికే పట్టలేదు, మా వాళ్ళెవరికీ పట్టలేదు. కొలత తప్పానేమోనని మూడుసార్లు విప్పి చూసుకున్నా. ఇంతకాలానికి దీనికి సరిపోయిన చెయ్యి ఇదే."

ఆయన ఆ మాట విని చేతిని చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు. మేడం రెండుసార్లు పిలిస్తే గానీ కత్తి కింద పెట్టలేదు.

మంగళవారం బల్ల తెరిచారు. అట్టమీద బరువు రాసి పెట్టారు. పెద్దాయనకు రాత్రంతా నిద్ర లేదు, పొద్దున ఏమీ తినబుద్ధి కాలేదు. ఏం చెప్పాలో ఇంటావిడ దగ్గర మూడు రకాలుగా చెప్పి చూసుకున్నాడు. ఆవిడ ఏదీ బాగాలేదంది.

పదిమంది పోగయ్యారు. ఆయన లేచి, చొక్కా సర్దుకుని, అలవాటుకొద్దీ "ఈ కత్తి ఎంత బరువుంటుందో" అని మొదలుపెట్టి ఆగిపోయాడు. జనం ఎదురుచూస్తున్నారు.

"కిలో నూట డెబ్బై గ్రాములండీ. నేను చాలా ఏళ్ళు పది కిలోలని చెప్పాను. అది తప్పు" అన్నాడు. పిడుగేమీ పడలేదు. ఒకాయన "అవునా" అన్నాడంతే. ఆయనకు ఊపిరి తిరిగింది. కత్తి అందుకుని ఎత్తి పట్టుకున్నాడు.

"దీన్ని పట్టినవాడు ఇంచుమించు నా అంత మనిషి."

ముందున్న పొడుగాయన ఆయన్ని కిందినుంచి పైదాకా చూసి నవ్వాడు. "మీ అంతా?"

"నా అంతే. మీరు పట్టుకు చూడండి, మీ చెయ్యి పట్టదు."

పట్టలేదు. పొడుగాయన నాలుగో వేలు ఎక్కడ పెట్టాలో తెలియక తికమకపడ్డాడు. జనం దగ్గరికి జరిగారు. పెద్దాయన కత్తి తిరిగి తీసుకుని, వేళ్ళు ఎలా కూర్చున్నాయో దగ్గరగా చూపించాడు. వెనకున్నవాళ్ళు కనపడడం లేదంటే చెయ్యి పైకెత్తాడు. ఎంతసేపు ఎత్తినా నొప్పి పుట్టలేదు.

"అతని పేరేంటండీ?" అందొక అమ్మాయి.

"తెలీదమ్మా."

"యుద్ధంలో గెలిచాడా మరి?"

ఆ గదిలో ఆయన తెలీదనడం ఆరోజే మొదలు. రెండోసారి అనేటప్పుడు ఇంకా సులువుగా వచ్చింది.

"అదీ తెలీదు. అతని చెయ్యి ఎంతుండేదో మాత్రం తెలుసు" అని, పిడిని ఆ అమ్మాయివైపు తిప్పి అందించాడు.